మూడో సగం

పొద్దున్నే ఎదురైన మనిషిని ఎవరైనా "బాగున్నారా" అంటారు, లేకపోతే "టిఫినయిందా" అంటారు. విశాఖపట్నంలో మా కొండవాలు ఈతకొలను చూసుకునే గౌరీశు మాత్రం గేటు దాటి లోపలికొచ్చిన మొదటి మనిషిని ఒకటే ప్రశ్న వేసేవాడు.

"వాసనేటైనా వస్తందా?"

ఆ మనిషి గట్టిగా గాలి పీల్చి ఏదో ఒకటి చెప్పేదాకా కదలనిచ్చేవాడు కాదు. ఘాటుగా ఉందంటే బుర్ర ఊపి నీటి పరీక్షకి వాడే గాజుగొట్టాల పెట్టె తెరిచేవాడు. ఏమీ లేదంటే చిన్నగా నవ్వి, గళ్ల తువ్వాలు భుజాన వేసుకుని, అప్పుడు కూడా పెట్టె తెరిచేవాడు. మరి అడగడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు. నా పేరు అరుంధతి, రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసినదాన్ని, కోపం ముక్కు మీదే ఉంటుందని మా లాబులో అందరికీ తెలుసు. "పొద్దస్తమానం నీళ్ల పక్కనే ఉండే మనిషి నన్నడుగుతాడేమిటి, తనకి ముక్కు లేదా?" అని ఒకరోజు మా అమ్మాయి ఆమని దగ్గర చిందులు తొక్కాను. ఆమని నా వైపు అదోలా చూసి మాట మార్చేసింది.

ఆమని మాకు ఒక్కతే. వాళ్ల నాన్న సరుకు ఓడల మీద ఇంజనీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే. పిల్ల ఆరేళ్లప్పుడు గౌరీశు కొలనులోనే ఈత నేర్చుకుంది. పదమూడేళ్లకి వెల్లకిల ఈతలో రాష్ట్రం మొత్తానికి రెండోది. ఆ ఏడు వేరే ఊళ్లో శిక్షణకి పంపాం. అక్కడ కొలను నాలుగు గోడల మధ్య, కిటికీలన్నీ మూసిన హాల్లో ఉంది. నలభై రోజులకి పిల్లని అంబులెన్సులో ఎక్కించారని ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి మొహానికి ఆక్సిజన్ పెట్టి ఉంది, పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "ఆ గాలి పిల్ల ఊపిరితిత్తుల్ని కాల్చేసిందమ్మా. ఇంకొక్కసారి ఇలాంటిది వస్తే ఈత సంగతి అలా ఉంచండి, మెట్లెక్కడం కూడా కష్టమే."

తిరిగొచ్చిన వారానికి గౌరీశు మీద విరుచుకుపడ్డాను. అది అతని కొలను కాదని తెలుసు. అయినా ఎవరో ఒకరి మీద పడాలి కదా.

"ఈ దిక్కుమాలిన క్లోరినే మా పిల్లని మింగేసింది!"

అతను నన్ను పూర్తిగా అరవనిచ్చాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "తప్పు క్లోరినుది కాదు, డాక్టరమ్మా. మనుసులు సెమటతోటి దిగుతారు, నీళ్లలోనే ఉచ్చలు పోసేస్తారు. అదీ ఇదీ కలిసి కంపు పుడతాది. మూసేసిన హాల్లో ఆ కంపు ఎటెల్తాది? పిల్లల గుండెల్లోకే ఎల్తాది."

ఇది నేను చదువుకున్న శాస్త్రమే. కోపంలో మర్చిపోయాను, అతను గుర్తుచేశాడు. క్లోరిన్ తక్కువైతే క్రిములు బతుకుతాయి, ఎక్కువైతే ఒళ్లు మండుతుంది, చెమటతో కలిస్తే ఊపిరి కాలుతుంది. ఈ మూడింటి మధ్యా నీటిని నిలబెట్టడం కత్తిమీద సామే. గౌరీశు ఆ సాము గాజుగొట్టంతో, బకెట్టుతో ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్నాడు. మరి ఆ కంపుని పుట్టగానే తినేసి, కావలసినంత క్లోరినే తయారుచేసే ప్రాణి ఒకటుంటే? ఆ ఆలోచన ఆ రోజే పట్టుకుంది. ఇక వదల్లేదు.

*

భీమిలి వైపు రాళ్ల మీద ఒక ఎర్రనాచు పడుతుంది. తన ఒంటికి పురుగు పట్టకుండా ఉప్పునీళ్లలోంచే క్లోరిన్‌లాంటి మందు కాసింత తనే తయారుచేసుకుంటుంది. నేనూ, మా లాబులో నాతో పనిచేసే ఫిరోజూ కలిసి దాని గుణాన్ని తీసి, గాజుపలక మీద పల్చగా పెరిగే ఒక సూక్ష్మజీవిలో పెట్టాం. చెమటలో ఉన్నదాన్ని అది తింటుంది. ఎండ తగిలితే, కొలను నీళ్లలో కాస్త కలిపిన ఉప్పులోంచి క్లోరిన్ తీస్తుంది. ఎంత తీయాలో దానికెలా తెలుస్తుంది? ఫిరోజ్ దానికో కన్ను పెట్టాడు. కొలనుల్లో నీటి పరీక్షకి వాడే మాత్ర ఉంటుంది కదా, క్లోరిన్ ఉంటే గొట్టంలో నీళ్లు గులాబీరంగుకి తిరుగుతాయి. అలాంటి రంగునే ఆ పొరలో పెట్టాడు. పొర గులాబీగా ఉంటే చాలు అని ఆగుతుంది. తెల్లగా ఉంటే లేదు అని పనిలో దిగుతుంది.

గౌరీశుకి చూపిస్తే పగలబడి నవ్వాడు. "ముప్పయ్యేళ్లు పాచి గీకీ గీకీ నడుం పడిపోనాది. మీరేమో కొలను నిండా పాచి పెంచుతానంటన్నారు! బాగుందమ్మా వరస."

"ఇది మంచి పాచి," అన్నాను ఉడుక్కుంటూ.

"మంచి పాచికి బుద్ధి నేర్పాలి గదా మరి? ఆదోరం రెండొందల మంది దిగుతారు. మంగళారం పాతిక మంది. వానొస్తే నీళ్లకి ఓపిక పోతాది."

నీటికి ఓపిక అనేది అతని మాట. ఎంత యాసిడ్ పడినా వెంటనే పులిసిపోకుండా తట్టుకునే గుణాన్ని అతను ఓపిక అంటాడు. ముందు వంటసోడా వేసి ఓపిక పెంచాలి, ఆ తర్వాతే పులుపు సరిచెయ్యాలి, వరస తప్పితే రోజంతా తిప్పలే. "ఓపిక లేని నీళ్లు ఓ చుక్కకే భగ్గుమంటాయి" అని నా వైపు చూసి నవ్వును మింగేసేవాడు. మా ఫిరోజ్ ఆ మాటని లాబు గోడ మీద నా కుర్చీకి ఎదురుగా అంటించాడు. నేను రెండుసార్లు చింపితే మూడోసారి పెద్దక్షరాలతో అంటించాడు.

పాచికి బుద్ధి నేర్పడానికి గౌరీశు నోటుపుస్తకాలు తెచ్చుకున్నాం. ఏడాదికొకటి చొప్పున ముప్పై ఒకటి. ఎంతమంది దిగారు, ఎండా వానా, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత, ఏం వేశాడు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. కొలను తెరిచి ఉన్న రోజు ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. పెళ్లినాడు కూడా రాశాడు మహానుభావుడు: "నేడు నా పెళ్లి. ఉదయం 2. సాయంత్రం చూడలేదు."

ఆ రోజుల్ని మా గాజుతొట్టెల్లో మళ్లీ నడిపించాం. ఇరవయ్యేళ్ల కిందటి ఒక ఆదివారం ఎలా గడిచిందో అలాగే ఎండకి బదులు దీపం వెలిగించి, పొరకి కావలసిన ఉప్పు వేసి, రెండువందల మందికి సరిపడా కృత్రిమ చెమట చుక్కలు చుక్కలుగా వదిలేవాళ్లం. సాయంత్రానికి గౌరీశు పుస్తకంలోని అంకె దగ్గరికొచ్చిన పొరని ఉంచేవాళ్లం, రానివాటిని గీకి పారేసేవాళ్లం. రెండేళ్లలో పదకొండు వేల రోజులు అలా నడిచాయి. ఆఖరికి మిగిలిన పొర అచ్చం గౌరీశులాగే ప్రవర్తించేది. జనం పెరిగితే ముందే సర్దుకునేది, వాన పడితే నెమ్మదించేది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక మనిషి బతుకంతా చేసిన పని వేలిగోరంత మందం పొరలోకి వచ్చేసింది!

మధ్యలో ఒకరోజు ఫిరోజ్ అడిగాడు. "మేడమ్, పదకొండు రోజులకి అంకె లేదు. 'ఎక్కువ. ఎవర్నీ దింపలేదు' అని మాత్రం రాశారు. ఏం చేద్దాం?"

"అంకె లేని రోజు మనకెందుకయ్యా? తీసేయ్," అన్నాను.

గౌరీశుని పిలిచి అడిగి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. అడగలేదు.

*

ఆ రెండేళ్లూ ఆమని నీళ్లలో కాలు పెట్టలేదు. కానీ రోజూ పొద్దున కొలను దగ్గరికి వెళ్లేది. ఆరుబయట కొలను కాబట్టి గట్టున కూర్చుంటే ఫరవాలేదన్నారు డాక్టరు. మెడలో స్టాప్‌వాచీ వేసుకుని వేరే పిల్లల ఈతకి సెకన్లు లెక్కపెట్టేది. ఇంట్లో నాతో మాట్లాడడం తగ్గించేసింది. అన్నం పెట్టనా అంటే ఊ, వద్దా అంటే ఊ. ఆ హాలున్న ఊరికి పంపింది నేనే. పిల్లకి నా మీద కోపమో, మమకారమే పోయిందో తెలిసేది కాదు.

గౌరీశుతో మాత్రం గలగలా మాట్లాడేది. గొట్టాలు కడిగిపెట్టేది. ఒకరోజు చాటున నిలబడి విన్నాను.

"మావయ్యా, ఈ రోజు కొంచెం ఘాటుగా ఉంది. లోతు వైపు."

"ఎంత ఘాటు? ఉల్లిపాయ కోసినంతా, ఆవాలు నూరినంతా?"

"ఉల్లిపాయ. సగం ఉల్లిపాయ."

"అయితే పంపు తిప్పితే సాలు."

ఇదేం ఆటరా బాబూ అనుకుని నవ్వుకుంటూ వచ్చేశాను. ఆట కాదని తర్వాత తెలిసింది.

*

కొలను పలకలన్నిటి మీదా పొర పరిచి, నెలపాటు దగ్గరుండి చూసి, ఏప్రిల్‌లో ప్రారంభోత్సవం పెట్టారు. మేయరు గారు రిబ్బను కత్తిరిస్తారు, ఆ వెంటనే ఆమని మొదటి ఈత ఈదుతుంది. అలా అడిగింది నేనే. పొరని కనిపెట్టింది ఎవరికోసం మరి? ఊపిరితిత్తుల డాక్టరు నెల రోజుల గాలి పరీక్షలు చూసి సరేనన్నాడు. ఆ రోజు రాబోతోందని ఆమని కేలండరులో సున్నా చుట్టింది. ఇంట్లో రెండేళ్ల తర్వాత పాట హమ్ చేసింది.

మూడు రోజుల ముందు కొలను మూసేసి రంగులు వేయించారు. గౌరీశుకి సెలవిచ్చేశాను.

"పొర చూసుకుంటుంది గౌరీశు గారూ. మీరు విశ్రాంతి తీసుకోండి. ఇక ఆ గొట్టాలు, మాత్రలు అవసరం లేదు."

"ఓసారి సూసిపోతానమ్మా రోజూ."

"అక్కర్లేదన్నాను కదా!"

అతను పెట్టె మూసి ఇంటికెళ్లాడు.

పెద్దవాళ్లెవరైనా వస్తున్నారంటే మన ఊళ్లో ఏం చేస్తారో తెలిసిందే. రోడ్డుకి రెండువైపులా బ్లీచింగ్ పౌడరు గీత గీస్తారు. మురిక్కాలవలో చల్లుతారు, చెట్ల మొదళ్లకి కొడతారు. ముందురోజు మధ్యాహ్నం పారిశుధ్యం మేస్త్రీ ఒకతను బకెట్లతో వచ్చి, "మేడమ్, కొలన్లో కూడా వేసేద్దామా, నీళ్లు తళతళా మెరుస్తాయి" అని అడిగాడు. నేను శాలువాల గురించి ఫోనులో ఎవరితోనో పోట్లాడుతున్నాను. అతని మాట చెవిన పడింది, బుర్రకెక్కలేదు. చెయ్యి ఊపి "కానీండి, కానీండి" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది. షామియానా వేశారు, సన్నాయి మోగుతోంది. నీళ్లు నిజంగానే అద్దంలా ఉన్నాయి. గౌరీశు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చొక్కా జేబులో గాజుగొట్టం కనిపిస్తూనే ఉంది.

"వాసనేటైనా వస్తందా, డాక్టరమ్మా?"

"ఊరంతా బ్లీచింగే కదండీ, ఇక కొలను వాసన ఏం తెలుస్తుంది? వెళ్లి ముందు వరసలో కూర్చోండి. మీకూ శాలువా కప్పుతారు."

అతను కూర్చోలేదు. పలకల మీద పొరని వంగి చూశాడు. "ఇదేటి, తెల్లగున్నాది?"

"మూడు రోజులుగా ఎవరూ దిగలేదుగా. ఎండకి క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది. అందుకే తెల్లగా మారి తయారుచేస్తోంది. అదే కదా దాని పని!" ఫిరోజ్ తన మీటరు చూపించాడు. సున్నా. పొరకి ఉన్న కన్నే మీటరుకీ ఉంది, వేరేలా ఎందుకు చెబుతుంది?

మేయరు గారు రిబ్బను కత్తిరించారు. చప్పట్లు. ఆమని నల్లటి ఈతదుస్తుల్లో గట్టు మీదకొచ్చి నిలబడింది. రెండేళ్ల తర్వాత నా పిల్లని అలా చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతల గౌరీశు మోకాళ్ల మీద కూర్చుని గొట్టంలో నీళ్లు తీసి, మాత్ర వేసి, కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఇంతమందిలో నా పొరని నమ్మనట్టు గొట్టం పట్టుకుని కూర్చుంటాడా అని ఒళ్లు మండిపోయింది.

"దూకమ్మా!" అని అరిచాను.

అప్పుడు ఈల మోగింది. ఒకటి, రెండు, మూడు.

ఆ కొలనులో పెరిగిన పిల్లలకి మూడు ఈలలంటే ఒకటే అర్థం, ఎవరూ నీళ్లలో ఉండకూడదు. ఆమని గట్టు అంచున ముందుకి వంగినదల్లా అలాగే ఆగిపోయింది. వెనక్కి ఒక అడుగు వేసింది. తల్లి దూకమంటోంది, గౌరీశు మావయ్య వద్దంటున్నాడు. అది నా వైపు చూడను కూడా లేదు.

"ఏమిటండీ ఇది?" పరుగెత్తి అతని దగ్గరికెళ్లాను. "ఆ పాత అలవాట్లు ఇక మానుకోరా? ఇంతమందిలో నా పరువు తీస్తారా? చూడండి, మీ గొట్టంలో కూడా తెల్లగానే ఉంది! క్లోరిన్ లేదు!"

"ఉన్నాదమ్మా."

"ఏదీ? ఎక్కడ?"

"మాత్ర పడగానే ఓ రెప్పపాటు గులాబీ మెరిసి పోనాది. మీ మిసను నిమిసం ఆగి సూస్తాది. నాను పడేటప్పుడే సూస్తాను." ఇంకేం వాదించకుండా నా చేతిలోని మంచినీళ్ల సీసా లాక్కున్నాడు. కొలను నీళ్లు కొత్తగా తీసి, సగం పారబోసి, ఆ సగం సీసా నీళ్లతో నింపి, కొత్త మాత్ర వేశాడు. తెలుపు. మళ్లీ కొత్తగా తీసి, సగంలో సగం చేశాడు. తెలుపే, కానీ ఈసారి ఆ మెరుపు నేను కూడా చూశాను. మూడోసారి సగంలో సగంలో సగం. మాత్ర పడింది. గొట్టమంతా పారాణి కలిపినట్టు గులాబీరంగు అలుముకుంది. ఇక పోలేదు.

"మూడు," అన్నాడు రంగు చిక్కదనం చూసి. "ఎనిమిదో వంతు నీళ్లకే మూడు. మూడు ఎనిమిదిలు ఇరవై నాలుగు."

మనుషులు దిగే నీళ్లలో క్లోరిన్ లీటరుకి మూడు మిల్లీగ్రాములు మించకూడదు. ఇరవై నాలుగు! మరీ ఎక్కువైతే క్లోరిన్ ఆ రంగునే కాల్చేస్తుంది, లేనట్టే కనిపిస్తుంది. ఈ సంగతి నాకు పుస్తకంలో తెలుసు. ముందురోజు మేస్త్రీ బ్లీచింగ్ బకెట్లు పడగానే నా పొర కన్ను మాడిపోయింది. తెల్లబడింది. లేదు, లేదు అనుకుని, ఆ మధ్యాహ్నం ఎండంతా, ఈ పొద్దుటి ఎండంతా తయారుచేస్తూనే ఉంది. నా పిల్ల ఆ నీళ్లలో ఒక్కసారి మునిగి లేచి గుండెల నిండా గాలి పీల్చి ఉంటే? ఆ గొట్టం వైపే చూస్తూ గట్టు మీద కూర్చుండిపోయాను.

"ఇప్పుడు కూకునే టైం కాదమ్మా," అన్నాడు గౌరీశు. "దీనికి ఎండే గదా తిండి? ఎండ ఆపండి."

నిజమే! "షామియానా!" అని అరిచాను. "షామియానా ఊడదీయండి!"

ఆ తర్వాత చూడాలి తిరునాళ్లు. సన్నాయి వాళ్లు, ఈత పిల్లలు, ఫిరోజ్, మేస్త్రీ అందరూ తలో కొసా పట్టుకుని ఎర్రటి షామియానా గుడ్డని కొలను మీదుగా లాగారు. ఒకటి చాలక వంటశాల మీదది కూడా పీకారు. మేయరు గారు కూడా ఓ మూల పట్టుకున్నారు పాపం. ఆయన ఊదారంగు శాలువా కొస నీళ్లలో పడి, సాయంత్రానికి తెల్లమచ్చలు తేలింది. నీడ పడ్డ పది నిమిషాలకి పొర పని ఆపింది. గౌరీశు స్టోరు గదిలోంచి హైపో మూటలు మోసుకొచ్చాడు. పూర్వం ఫోటోలు కడగడానికి వాడేవారే, ఆ పలుకులే. క్లోరిన్‌ని విరిచేస్తుంది. గాలి ఎటు వీస్తోందో తువ్వాలు ఎగరేసి చూసి, గాలికి ఎదురు నిలబడకుండా చుట్టూ తిరుగుతూ చల్లాడు. అరవయ్యేళ్లకి దగ్గరపడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కాతో, కొలను చుట్టూ పధ్నాలుగుసార్లు తిరిగాడు. ఆ మనిషినా నేను పది మందిలో కసిరాను?

*

జనం వెళ్లిపోయాక గట్టున కూర్చున్నాం. ఆమని నా పక్కన కాకుండా అతని పక్కన కూర్చుంది.

"అంత దగ్గరగా వంగి చూశారు," అన్నాను. "మీకు ఘాటు తగల్లేదా?"

"నా ముక్కు పోయి పదకొండేళ్లయిందమ్మా," అన్నాడు, బస్సు వెళ్లిపోయిందన్నంత మామూలుగా.

అప్పట్లో కొలనుకి క్లోరిన్ గ్యాసు సిలిండర్లు వాడేవారట. వేసవి శిక్షణ రోజుల్లో ఒకనాడు సిలిండరు మర ఊడింది. నీళ్లలో నలభై మంది పిల్లలున్నారు. మూడు ఈలలు వేసి అందర్నీ కొండ పైకి పంపి, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని తను గదిలోకి వెళ్లి మర బిగించి వచ్చాడు. కొలను మూసేసిన ఆ నెల రోజులూ ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరి తిరిగొచ్చింది, ముక్కు రాలేదు. మల్లెపూలైనా, మాడిన అన్నమైనా ఆ రోజు నుంచి అతనికి ఒకటే.

"ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్తే నన్ను నీళ్ల కాడ ఉంచుతారేటి? అందుకే అందర్నీ అడుగుతాను. అందరి ముక్కులూ నాయే. సెప్పింది ఇంటాను, అయినా గొట్టంతోటి సూస్తాను. నా వొంట్లో ఓ కాపలాదారు తగ్గినాడు, మిగతావోళ్లు మెలకువగా ఉండాల గదమ్మా."

నేను ఆమని వైపు చూశాను. "నీకు తెలుసా?"

"తెలుసు," అంది. "ముక్కు లేదా అని నువ్వు అరిచిన రోజు చెప్పేద్దామనుకున్నా. చెబితే నువ్వు రిపోర్టు రాసేస్తావని భయమేసింది."

రాసేదాన్నే. పిల్ల నన్ను ఎంత బాగా చదివిందో! సిగ్గుతో తల వంచుకుని ఇంకో ప్రశ్న అడిగాను. "ఆ సగాల సంగతి పుస్తకాల్లో ఎక్కడా లేదేం? మీరు చేసేదంతా రాశానన్నారు."

"సేసిందంతా రాసేను. అది సెయ్యడం కాదు గదా, సూడ్డం. అనుమానమొస్తే ఎవరైనా సూస్తారు. అదేటి రాస్తాం?"

ఇంటికొచ్చి ఆ పదకొండు పేజీలు తిరగేశాను. ఎక్కువ. ఎవర్నీ దింపలేదు. ఎక్కువ. ఎవర్నీ దింపలేదు. అతను సగాలు చేసి చూసిన రోజులు అవే, అంకె లేదని నేను పారేసినవీ అవే. ముప్పై ఒక్క పుస్తకాల్లోంచి గౌరీశు గొప్పతనం ఉన్న పేజీల్నే ఏరి మరీ పారేశాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమని తలుపు దగ్గర కాసేపు నిలబడి, లోపలికొచ్చి, నా పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టింది.

"నీ మీద కోపం లేదమ్మా," అంది. "చాలా ఉండేది. అంత ఉంటే మాట రాదు."

*

రిపోర్టు రాశాను, నా మీద నేనే. "కానీండి" అన్న మాటతో సహా రాశాను. పొరని గీకేయమన్నారు పై వాళ్లు. ఇంకో ఎనిమిది నెలలు అడిగి బతిమాలుకున్నాను. పొర పాతదే, కన్నే మార్చాం. కొలను పక్కన ఒక చిన్న గది కట్టాం. కొలను నీళ్లు కొన్ని మంచినీళ్లతో కలిసి ఆ గదిలోని మూడు తొట్టెల్లోంచి పారుతాయి, ఒకదాంట్లో సగం, రెండోదాంట్లో సగంలో సగం, మూడోదాంట్లో ఇంకో సగం. ప్రతి తొట్టెలోనూ పొర ముక్క ఒకటి ఉంటుంది. కొలనులో తెల్లగా ఉండి మూడో తొట్టెలో గులాబీ కనిపించిందా, కొలను మీదికి దానంతటదే నల్లటి తెర జరుగుతుంది. ఆ పదకొండు రోజుల్ని లాబులో పదకొండు వందలసార్లు నడిపించాం. ఒక్కసారి కూడా తప్పలేదు. గది తలుపు మీద ఫిరోజ్ "గౌరీశు గది" అని రాయించాడు. గౌరీశు వచ్చి చూసి, "సచ్చిపోయినోడి పేరెట్టినట్టు ఇదేటి బాబూ" అని గోల చేశాడు గానీ చెరపనివ్వలేదు.

ఈసారి రిబ్బను లేదు, సన్నాయి లేదు. డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున, పాతిక మంది వచ్చే రోజు, డాక్టరు ఒక పక్కన నిలబడ్డాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను, అదే నాకు కష్టమైన పని. గౌరీశు పొరని చూశాడు, మీటరు చూశాడు, అయినా మోకాళ్ల మీద కూర్చుని గొట్టంతో కూడా చూశాడు. లేత గులాబీ. సగం చేసి చూశాడు. ఇంకా లేత. బుర్ర ఊపాడు.

ఆమని నన్ను అడగలేదు, అతని వైపే చూసింది. అతను చెయ్యి చాపి దారి చూపించినట్టు నీళ్ల వైపు చూపించాడు.

వెల్లకిలా ఈదుతూ వెళ్లింది నా తల్లి, ఆకాశం వైపు మొహం పెట్టి. మెల్లిగానే ఈదింది. అవతలి గోడ ముట్టుకుని తిరిగొచ్చింది. ఇవతలి గట్టు పట్టుకుని లేచి, నోరంతా తెరిచి గాలి పీల్చింది. నేను నా ఊపిరి బిగబట్టాను. దగ్గు రాలేదు. ఇంకోసారి పీల్చింది. ఇంకోసారి. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, చాలాసేపు విని, నవ్వాడు.

"స్టాప్‌వాచీ ఎవరు నొక్కారు?" అనడిగింది ఆమని మొదటి మాటగా.

ఎవరూ నొక్కలేదు. "ఛీ పొండి" అని మళ్లీ నీళ్లలో పడింది.

గౌరీశు తువ్వాలుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు. ఎప్పటి ప్రశ్నే.

"వాసనేటైనా వస్తందా, డాక్టరమ్మా?"

ఈసారి విసుక్కోలేదు. కొలను అంచున మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, నా బతుకులో ఏ పరీక్షా చెయ్యనంత శ్రద్ధగా పీల్చాను. ఉల్లిపాయ లేదు, ఆవాలు లేవు. సగం ఉల్లిపాయ కూడా లేదు.

"ఏ వాసనా లేదండీ. అసలేమీ లేదు."

"అయితే ఇయ్యాల మీ ముక్కూ నా ముక్కూ ఒకటే," అని పకపకా నవ్వి, పెట్టెలోంచి ముప్పై మూడో పుస్తకం తీసి ఆ రోజు అంకె రాసుకున్నాడు.